గెంతిన రాజు

నేను అంకుడుకర్రతో చేసిన చదరంగం రాజును. బొటనవేలంత ఎత్తు, ఎర్రలక్క ఒళ్లు. ఏటికొప్పాకలో ఒక ముసలాయన నన్ను లేతు యంత్రం మీద తిప్పుతుంటే, లోకమే నా చుట్టూ తిరుగుతోందనుకున్నాను. రాజులకది పుట్టుకతో వచ్చే జబ్బేమో.

సంతలో నన్ను కొన్న పైడమ్మకు గోనెసంచుల మిల్లు గేటు దగ్గర టీ కొట్టుండేది. ఆ కొట్టు బల్ల మీదే బేళ్లు మోసే నూకరాజు చేతికి చిక్కాను. మూడో తరగతితో బడి మానేసినవాడు. అతను కదిపితే నిద్రలో నడిచినట్టుండేది. ఎక్కడికి పోతున్నానో నాకు తెలియదు, అతనికి తెలుసు. అక్కడ పాత పద్ధతి ఆట. ఆటకొక్కసారి రాజు గుర్రంలా గెంతవచ్చు. గెంతినప్పుడల్లా మబ్బులోకి పోయి దిగినట్టుండేది.

చదరంగం గెలిచినవాడికే బుర్ర ఉంటుందని మిల్లు మేనేజరు నమ్మకం. సూపర్వైజరు పోస్టు ఖాళీ అయితే, మా బల్లనే పావులతో సహా తన గదికి తెప్పించి పోటీ పెట్టాడు. చివరికి నూకరాజు, ఆఫీసులో టైపు కొట్టే శేషగిరి మిగిలారు. అంతదాకా నేను గెంతే అవసరమే రాలేదు.

"అప్పా, ఈ ఉజ్జోగం వొచ్చిందంటే నా నడుం బతికిపోద్ది," అన్నాడు నూకరాజు, టీలు తెచ్చిన పైడమ్మతో. అతనికి ఆమె అక్క వరస.

"ముందు ఆట సూడరా. నడుం ఎక్కడికీ పోదు," అంది పైడమ్మ.

ఆట ముదిరాక నూకరాజు నన్నెత్తి గెంతించాడు. గదంతా గొల్లున నవ్వింది.

"రాజు గెంతుతాడటోయ్? సర్కస్ అనుకున్నావా?" అన్నాడు మేనేజరు.

"మా కాడ గెంతుతాడు బాబూ, ఒక్కపాలి."

"తప్పు ఎత్తు. ఆట పోయినట్టే."

"తెలీక సేసినాను. ఇప్పుడు తెలిసింది గదా, ఇంకో ఆట పెట్టండి."

"తెలివున్నవాడికి ముందే తెలియాలి."

శేషగిరి సూపర్వైజరయ్యాడు. నన్ను అద్దాల బీరువాలో పెట్టారు, ఇక్కడ తెలివికి విలువుందని వచ్చినవాళ్లకు చూపించడానికి. అద్దం లోపల కాలం పొగమంచులా నిలిచిపోతుంది. ఎన్నేళ్లయిందో చెప్పలేను.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ శేషగిరి బీరువా తెరిచి, ఆనాటి ఆటను మళ్లీ పేర్చి, నూకరాజును పిలిపించాడు.

"ఆ రోజు నువ్వు గెంతించకపోతే ఎవరు గెలిచేవారు?"

నూకరాజు నడుం పట్టుకుని వంగి చూశాడు. "నానే బాబూ. అయిదెత్తులు."

"మరి గెంతించావెందుకు?"

"గెంతితే మూడే గదా."

"ఏదీ, ఆ అయిదూ చూపించి వెళ్లు."

చూపించాడు. ఎక్కడా గెంతకుండా, గడి తరవాత గడి, తేలిపోతున్నట్టు నడిచి నేను గెలిచాను.

ఈలోగా భోజనాల వేళ ముగిసిందని సైరను మోగింది. నూకరాజు మెల్లగా మెట్లు దిగాడు. శేషగిరి కిటికీ దగ్గర నిలబడి, వేళ దాటాక షెడ్డులోకి వెళ్లేవాళ్ల పేర్లు రాసుకోసాగాడు. మొదటి పేరు నూకరాజుదే.