బొరుసు పైకి

ముసలాయన నల్లటి గుడ్డను బల్ల మీద పరిచి అరచేత్తో ముడతలు తీశాడు. దీపం మెడ వంచి, వెలుగు పక్కనుంచి పడేట్టు తిప్పాడు. తక్కెడ, భూతద్దం, పెన్సిలంత కర్రపుల్ల, ఒక్కొక్కటీ తడిమి వాటి చోట్లో పెట్టాడు. చూపు మసకబారినా చేతులు దారి మరిచిపోలేదు. కాకపోతే ఈ సర్దుడు తన కోసం కాదు. ఇవాళ్టి నుంచి ఆ కుర్చీలో మేనకోడలు కూర్చుంటుంది, రేపట్నుంచి ఆయన రానక్కర్లేదు.

పాత నాణేలు కొని అమ్మే ఆ దుకాణంలో అసలేదో, నకిలీ ఏదో తేల్చడం ఆయన పని. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు, అది నెరిసి, రాలి, పోయింది కూడా. తోటివాళ్ళు ఆయనకు అనుమానాలరావని పేరు పెట్టారు. కూరగాయల దగ్గర ఇచ్చిన చిల్లర కూడా అంచు తడమందే జేబులో వేసుకోడని, పెళ్ళి కాకపోవడానికీ అదే కారణమని, దీపం కింద అటూ ఇటూ తిప్పి చూడనివ్వడానికి ఏ పిల్ల ఒప్పుకుంటుందని నవ్వుకునేవాళ్ళు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. పెళ్ళి మాటెలా ఉన్నా పిల్ల మాత్రం దక్కింది. చెల్లెలు పోతూ పోతూ కూతుర్ని ఆయన చేతిలో పెట్టింది. ఇంట్లో చూసే దిక్కు లేక దుకాణానికే తెచ్చుకునేవాడు. ఈ బల్ల కిందే, పాత దుప్పటి మీద, ఆ పిల్ల ఆడుకుంది, నిద్రపోయింది, పెద్దదైంది.

“పక్కకు జరుగు మావయ్యా, వెలుక్కి అడ్డం,” అందామె కూర్చుంటూ.

“అప్పుడే కుర్చీ ఎక్కి అధికారమా?”

గోడ దగ్గర యజమాని మేకు కొట్టిస్తున్నాడు. ముసలాయన ఫొటో పెద్దది చేయించి చట్రం కట్టించాడు. కింద ‘పొరపాటు ఎరుగని కన్ను’ అని రాయించాడు. సాయంత్రం దాన్ని తగిలించి ఆయన్ని సాగనంపాలని ఏర్పాటు.

“నేనింకా ఉన్నానయ్యా, అప్పుడే గోడకెక్కిస్తావా?” అన్నాడు గానీ, లోపల ముసలాయనకు ఎంత మురిపెమో చెప్పలేం. పొద్దుట్నుంచి రెండుసార్లు నీళ్ళకని లేచి, ఫొటో పక్కనుంచే నడిచాడు.

బల్ల సొరుగులో ఒక చెక్కపళ్ళెం ఉంది. దాని గుంటల నిండా దొంగ నాణేలే. మేనకోడలికి అవే ఓనమాలు. ఇది పోతపోసింది, ఒళ్ళంతా సన్నటి బొక్కలు. దీనికి టంకశాల గుర్తు తర్వాత అతికించారు, అక్షరం కాళ్ళ దగ్గర సందు చూడు. దీని అంకె అరగదీసి ఒకటిని నాలుగు చేశారు. ఇలా ఒక్కో దాన్నీ ఆమె వేళ్ళకు చెప్పాడు. నడిమి గుంట ఒక్కటి ఖాళీ. చిన్నప్పుడు ఆమె అడిగితే, “అది నన్ను మోసం చేసేదానికి. ఎప్పుడో రాకపోదు,” అన్నాడు. ఎప్పటికీ రాలేదు.

ఆ దుకాణంలో ఇంకో పద్ధతుంది. చూసినవాళ్ళు నోటితో తీర్పు చెప్పరు. మాట మీద మాట పెరిగి తగువులవుతాయని వెనకటి పెద్ద యజమాని పెట్టిన కట్టడి. అసలుదైతే గుడ్డ మీద బొమ్మ పైకి పెట్టాలి, కాకపోతే బొరుసు పైకి. అంతే.

భోజనాల వేళ దాటాక ఒక లావుపాటి మనిషి వచ్చి కాగితప్పొట్లం విప్పాడు.

“మీరే చూసి మా నాన్నకిచ్చారండి. ఆయన పోయారు. నాకు వీటి గురించి ఓనమాలు తెలీవు, అమ్మేద్దామని.”

ముసలాయన ముందు తను అందుకున్నాడు. బొటనవేలు బొమ్మ చెంప మీది గాటును తాకగానే గుర్తుపట్టాడు. ఆ సంవత్సరం, ఆ టంకశాల గుర్తు ఒకే నాణెం మీద కలవడం అరుదు. రెండూ విడివిడిగా బోలెడు. ఆ రోజుల్లో దీన్ని చూసి తేల్చినందుకే ఆయన పేరు బజారంతా మోగింది.

మేనకోడలు తూచింది. సరిపోయింది. బొమ్మ చూసింది, బొరుసు చూసింది. రెండు వైపులా నిఖార్సుగా ఉన్నాయి.

“ఆయన చూసిందే కదమ్మా, ఇంకా ఎంతసేపు? పెట్టెయ్,” అన్నాడు యజమాని.

అప్పుడు గుర్తొచ్చింది ముసలాయనకు. ఆ రోజు ఆయన కర్రపుల్ల చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాడు. మూడు రోజుల జ్వరం తర్వాత పిల్ల బల్ల కింద అప్పుడే నిద్రలోకి జారింది. వెండి ఖంగుమంటే లేస్తుంది. రెండు వైపులా ఇంత బాగుంటే మోగించి చూడాలా అనుకున్నాడు. ఒక నాణేన్ని గిన్నెలా తొలిచి, ఇంకోదాని ముఖం అందులో కూర్చేవాళ్ళుంటారని, రెండు ముఖాలూ అసలువే అయి నాణెం నకిలీ అవుతుందని, దాన్ని మోత ఒక్కటే పట్టిస్తుందని ఆయనకు తెలియక కాదు.

కుర్చీ కిర్రుమంది. ఆమె కర్రపుల్ల కోసం చెయ్యి చాపుతోంది. వద్దమ్మా, పెట్టెయ్ అని అరవాలనిపించింది ఆయనకు. ఒక్క మాట చాలు, ఫొటో గోడకెక్కుతుంది. ఇన్నేళ్ళ బతుకులో అంత సిగ్గుమాలిన కోరిక ఆయనకు ఎప్పుడూ పుట్టలేదు. పళ్ళు బిగపట్టి ఊరుకున్నాడు.

ఆమె నాణేన్ని వేలి కొన మీద నిలిపి అంచున తట్టింది.

టక్.

గంటలా సాగాల్సిన మోత అక్కడే చచ్చిపోయింది. యజమానికి తెలియలేదు, లావుపాటి మనిషికి తెలియలేదు. ఆ గదిలో ఇద్దరికే తెలిసింది. ఆమె మళ్ళీ తట్టింది, ఈసారి మెల్లగా. మళ్ళీ అదే.

“మావయ్యా...”

“ఇక్కడ మావయ్య ఎవరూ లేరమ్మా. గుడ్డ ఉంది. గుడ్డ మీద పెట్టు.”

గుడ్డ మీద నాణెం పెట్టిన శబ్దం వినపడలేదు గానీ, యజమాని “అదేంటి!” అన్న కేక వినపడింది. ముసలాయన చెయ్యి చాపి తడిమాడు. బొరుసు. ఆయన పేరు పోయింది. అయినా, ఎందుకో, గుండెల మీంచి బరువు దిగింది. పిల్లకు చదువు వచ్చింది.

“మీరే కదండీ బాగుందన్నారు!” అన్నాడు లావుపాటి మనిషి.

“నేనే. చూశాను, వినలేదు. తప్పు నాది.”

యజమాని మొహం మాడ్చుకున్నా మర్యాదస్తుడు. దుకాణం మాట తప్పదని చెప్పి, డబ్బిచ్చి నాణెం వెనక్కి తీసుకుని ఆ మనిషిని పంపేశాడు. తర్వాత ఎవరూ మేకు ఊసెత్తలేదు. ఫొటో గోడకు తిప్పి ఆనించి ఉండిపోయింది.

సాయంత్రం ముసలాయన చెప్పులు వేసుకుంటుంటే మేనకోడలు వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి తడిగా ఉంది.

“ఆ రోజు ఎందుకు వినలేదు మావయ్యా? నాకైతే వంద చెప్పేవాడివి.”

ఆయన తల వంచి బల్ల కిందికి, దుప్పటి ఉండే చోటుకు చూశాడు. ఆయనకు అక్కడ నీడ తప్ప ఏమీ కనపడలేదు.

“అప్పట్లో చెవిలో గుబిలి ఎక్కువలే.”

ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఆయన సొరుగు లాగి, పళ్ళెం తడిమి, చెయ్యాల్సిన పని చేసి, ఇంటికి వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు. వానలు మొదలవకముందే, ఒక ఆదివారం మధ్యాహ్నం నిద్రలో, పక్కగదిలో పడుకున్న మేనకోడల్ని లేపకుండానే కన్ను మూశాడు.

బల్ల సొరుగులో, చెక్కపళ్ళెం నడిమి గుంటలో, ఆ నాణెం బొరుసు పైకి ఉంది.