నాలుగు క్షణాల రాజలింగు

నేను మధ్యాహ్న భోజనానికి కూర్చోబోతుండగా రాజలింగు వచ్చాడు. వెంట అతని మనుమరాలు సంజన ఉన్నది. నిజామాబాదులో డిగ్రీ చదువుతున్న పిల్ల. తాత చేయి పట్టుకొని మా గడప దాటించింది. నీటికాసుల వలన అతని ఎడమకంటి చూపు పోయి ఏడాది దాటింది. కుడికన్ను కూడా ఆ దారినే పడుతున్నదని మా బోధన్‌లో అందరికీ తెలుసు.

"డాక్టరు చెప్పిండు పంతులూ," అన్నాడు కూర్చోకుండానే. "ఇగ ఎక్కువ రోజులు లేదట. ఉన్నప్పుడే ఏం జూసుకుంటవో జూసుకో అన్నడు."

"డాక్టరు గట్ల అనలే తాతా," అన్నది సంజన. "చుక్కల మందు బంద్ జేయొద్దన్నడు."

"గదే మాట. ఆయన మెత్తగ చెప్పిండు, నేను గట్టిగ ఇన్న."

"ఏం చూసుకుంటావయ్యా?" అని అడిగాను, జవాబు తెలిసి కూడా.

"నన్ను జూసుకుంట. నా చాయ్‌పత్తి బొమ్మ."

పంతొమ్మిది వందల ఎనభై ఏడు చివర, చెరకు గానుగాడే కాలం. ఫ్యాక్టరీ కాంటా ముందు బండ్లు మైలు పొడవున బారులు తీరి ఉండేవి. రెండేసి దినములు ఎడ్లతోపాటు మనుషులూ అక్కడే కాచుకొని ఉండేవారు. ఆ బారులోనికి బొంబాయి నుండి కెమెరా పట్టుకొని కొందరు వచ్చారు. సూర్యముఖి చాయ్‌పత్తి అనే సరుకునకు దూరదర్శన్‌లో వేసే ప్రకటన కోసం బండివాడు ఒకడు కావాలన్నారు. అన్ని బండ్లలో రాజలింగు ఎడ్లు వారి కంటికి ఆనాయి; కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, ఎర్రని కుచ్చులు. ఎడ్ల పుణ్యమా అని రాజలింగునూ తీశారు. బండి తొట్టిమీద కూర్చొని గాజు గ్లాసుతో చాయ్ తాగడం అతని పని. నాలుగు క్షణములు. ఆదివారం పొద్దున వచ్చే దేవుని ధారావాహిక నడుమ డిసెంబరు మూడవ వారం నుండి దీనిని చూపుతామని చెప్పి వారు వెళ్లిపోయారు.

మా వాడకట్టులో టీవీ ఉన్నది మా ఇంట్లోనే. రెండు ప్రక్కల నుండి జరిపి మూసే చెక్క తలుపులున్న పెట్టె. ఆదివారం పొద్దున స్నానం చేసి, దానికి పసుపు కుంకుమలు పెట్టి, దండ వేసి, హారతి ఇచ్చిన తరువాతనే తలుపులు తీసేవాణ్ణి. చెప్పులు బయట విడిచి అరవై డెబ్బై మంది వాకిట్లో కూర్చునేవారు. దేవుని కథ నడుమ సబ్బు నురుగులు, పండ్లు తోముకునే పిల్లలు, పంఖాలు, ప్రెషర్ కుక్కర్లు! అవి నాకు గిట్టేవి కావు. గుడిలో నివేదన వేళ స్వామికి తెర వేసినట్లు, ప్రకటన మొదలైన క్షణమే లేచి తలుపులు మూసేవాణ్ణి. పాట మాత్రం లోపల నుండి వినబడుతూనే ఉండేది. అది ఆగి శంఖం మ్రోగిన తరువాత మళ్లీ తెరిచేవాణ్ణి. జనం నిట్టూర్చేవారు. వారి నిట్టూర్పు నా నిష్ఠకు కొలత అనుకొని మురిసిపోయేవాణ్ణి.

డిసెంబరు మూడవ ఆదివారం రాజలింగు తలకు నూనె పెట్టుకొని, భార్యను, తల్లిని వెంటబెట్టుకొని వచ్చి అందరికన్న ముందు కూర్చున్నాడు. "పంతులూ, ఇయ్యాల ఒక్కసారి తలుపులు మూయకు" అని బతిమాలాడు. "దేవుని కథ నడుమ చాయ్‌పత్తి ఏమిటయ్యా?" అన్నాను. సగం కథ అయిన తరువాత ప్రకటనలు వచ్చాయి. మూశాను. మూసిన తలుపుల వెనుక నుండి సూర్యముఖి పాట వినబడింది. రాజలింగు తన బొమ్మను చెవులతో చూశాడు.

మరుసటి ఆదివారం అతడు ఇందల్వాయిలోని బావమరిది ఇంటికి పోతే కరెంటు పోయింది. ఆపై వారం నందిపేటకు పోతే ఆ ప్రకటనే రాలేదు. ఆ కంపెనీ ఎత్తిపోయిందని తరువాత ఎవరో చెప్పారు. అప్పటి నుండి అతనికి ఊరు పెట్టిన పేరు "చాయ్‌పత్తి హీరో". టీవీలో వచ్చానంటాడు, అతణ్ణి ఎరిగినవారిలో చూసినవాడు ఒక్కడూ లేడు. కొడుకులు నమ్మలేదు, కోడళ్లు నవ్వారు. ఫ్యాక్టరీ మూతబడి, బండ్లు పోయి, ఎడ్లు పోయి, ఆ వెక్కిరింత ఒక్కటే మిగిలింది.

నాకు ఇప్పుడు అసలైన చిరాకు మరొకటి. ఏది అపవిత్రమని నేను తలుపులు మూశానో, దానికి లోకమంతా పూజ చేస్తున్నది. నా భార్య వసంతమ్మ డెబ్బై ఐదేండ్ల వయసులో ఫోను ముందు పెట్టుకొని బట్టల పొడి పాటకు తల ఊపుతుంది. "అప్పుడు తలుపు సందులో నుండి విన్నవే కదండీ, ఇప్పుడు బొమ్మతో చూస్తున్నాను, నాకేం పాపం రాదులెండి" అంటుంది. ఎనభైల నాటి ప్రకటనలట! ఎవరో పోగుచేసి పెడతారట, వేలమంది చూసి కంటనీరు పెట్టుకుంటారట. ఆ కాలం ఎంత మంచిదని వ్రాసుకుంటారట. పురాణం వినుమంటే రానివారు పండ్లపొడి పాట వరస తప్పకుండా పాడతారు.

"అన్నీ ఉన్నయి పంతులు తాతా," అన్నది సంజన. "సైకిళ్లవి, బిస్కెట్లవి, టార్చిలైట్లవి. తాత చెప్పేది మాత్రం ఏడా దొర్కుతలేదు. ఆరు నెలల సంది ఎతుకుతున్న."

"నీ క్యాసెట్లున్నయి గద," అన్నాడు రాజలింగు.

ఉన్నవి. ప్రతి ఆదివారపు భాగాన్ని నిజామాబాదులోని ఇనాయత్ వీడియో దుకాణంలో నా కోసం రికార్డు చేయించేవాణ్ణి. తిథి వారాలు వ్రాసి పెట్టెలో దాచాను. "కాని ప్రకటనలు లేకుండా తీయమని చెప్పి చేయించినవి రాజలింగూ. అందులో ఏమీ ఉండదు."

"చెరుకు ఎంత కిందికి గోసినా మోడు మిగుల్తది పంతులూ. నడువు."

మరునాడు పదిగంటల బస్సుకు ముగ్గురమూ నిజామాబాదు పోయాము. బస్టాండు వెనుక గల్లీలో ఇనాయత్ దుకాణం ఇప్పుడూ ఉన్నది. పాత పెండ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇస్తాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఆయియే పంతులు సాబ్! ఎన్ని ఏండ్లాయె! మీ క్యాసెట్లు ఎట్లున్నయి?"

సంగతి చెప్పగానే అతని ముఖం గర్వంతో వెలిగింది. "ఇష్తెహార్లా, ఆ ప్రకటనలా? నా టేపులల్లనా? నామున్‌కిన్! పాజ్ బటన్ మీద ఏలు పెట్టి గంటసేపు కదలకపోతుంటి సాబ్. చాయ్ ముట్టకపోతుంటి. బీవీ పిలిస్తే పల్కకపోతుంటి. ఇష్తెహార్ షురూ గాంగనే టక్కున ఒత్తుతుంటి. జిల్లా మొత్తంల నా అంత సాఫ్ ఎవడు తియ్యకపోతుండె."

"ఓ ఇనాయత్ భాయ్," అన్నాడు రాజలింగు విసుగ్గా, "జర గలీజుగ తీస్తే నీ సొమ్మేం బోతుండె?"

"నాకేమెర్క అన్నా, నువ్వు అండ్ల ఉన్నవని!"

డిసెంబరు మూడవ ఆదివారపు క్యాసెట్టును ఇనాయత్ మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టాడు. గీతలు పడుతూ, రంగులు వెలిసిపోయి, కథ మొదలయింది. రాజలింగు కుర్చీని టీవీకి మూరెడు దూరం వరకు జరుపుకొని, తల ఒక ప్రక్కకు వంచి, మిగిలిన ఆ కొంచెం కంటితో చూస్తూ కూర్చున్నాడు. దేవుడు నడిచాడు, మాట్లాడాడు, విల్లు ఎక్కుపెట్టాడు. ఆశ్చర్యం, నాకు భక్తి కలుగలేదు. తొందరగా సగం కావాలని మాత్రమే ఉన్నది. నలభై ఏండ్ల క్రితం నా వాకిట్లో కూర్చున్న జనానికి ఏ తొందర ఉండేదో అది నాకు మొదటిసారి తెలిసింది.

అప్పుడు తెర ఒక్కసారి అదిరింది. ఏదో ఎర్రగా మెరిసి, వెంటనే కథ తరువాతి ఘట్టంలో పడింది.

"ఆపు! ఎన్కకు దీయ్!" అని సంజన అరిచింది.

ఇనాయత్ వెనుకకు త్రిప్పి, మెల్లగా నడిపి ఆపాడు. వణికే గీతల నడుమ రెండు కొమ్ములు, వాటికి ఇత్తడి కుప్పెలు, ఎర్ర కుచ్చులు. అంతే. అర క్షణం కూడా లేదు. తరువాతి బొమ్మలో విల్లు.

"నా ఎడ్లు!" అన్నాడు రాజలింగు. "బిడ్డా, గవి నా ఎడ్లు! ఎడమ దిక్కుది ఎర్రోడు. కొమ్ము కొస వంకర జూడు!"

సంజన తెరకు ముఖం ఆనించి చూసింది. ఆ పిల్లకు అబద్ధం చేతకాదు. "కొమ్ములే కనవడ్తున్నయి తాతా. గిసొంటి కుచ్చులు అందరి ఎడ్లకు కడ్తరు గద. బాపుకు చూపిస్తే నమ్ముతడా?"

ఇనాయత్ నాలుగుసార్లు ముందుకు వెనుకకు త్రిప్పాడు. అదే కొమ్ము, అదే విల్లు. చివరకు తన కుడి బొటనవ్రేలిని తానే చూసుకుంటూ, "ఇంక ఒక్క సెకండ్ ఆగి ఒత్తితే అయిపోతుండె," అన్నాడు. ఇందాకటి గర్వం ఆ మాటలో లేదు.

రాజలింగు కుర్చీలో వెనుకకు వాలి కళ్లు తుడుచుకున్నాడు. "ఇంటికి పోదాం పా. ఎడ్లన్న కనవడ్డయి. నా మొఖం చూసినోడు ఈ భూమ్మీద లేనట్టే."

నేను ఈ నలభై ఏండ్లలో ఎన్ని సభలలో చెప్పానో లెక్క లేదు: "ఒక్క ప్రకటన మీద కూడా నా దృష్టి పడలేదు, తలుపులు మూసేటప్పుడు కళ్లు మూసుకొనేవాణ్ణి" అని. ఇంద్రియ నిగ్రహానికి నన్నే నేను ఉదాహరణగా చూపుకొనేవాణ్ణి. జక్రాన్‌పల్లి సప్తాహంలో చెబితే శాలువా కూడా కప్పారు. రాజలింగు ఎన్నోసార్లు అడిగాడు, మూసేటప్పుడు కంట పడ్డానా అని. లేదన్నాను. ఒకసారి లేదన్న తరువాత ప్రతిసారీ లేదనవలసి వచ్చింది. ఆ శాలువా ఇప్పుడు నా మెడ చుట్టూ బిగిసినట్లయింది.

"రాజలింగూ," అన్నాను. "నేను చూశాను."

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఆనాడు తలుపు జరుపుతూ చూశాను. ఎడ్లు వచ్చాయి, తరువాత నీవు. తొట్టిమీద కూర్చున్నావు. నెత్తికి ఎర్ర తువ్వాల చుట్టుకున్నావు. చేతిలో గాజు గ్లాసు. అది నీవేనని ఎరిగి కూడా మూశాను."

సంజన తాత భుజం మీద చేయి వేసింది. "తాతా, నిజమే ఆయె!"

రాజలింగు లేచి నిలబడ్డాడు. "మా అవ్వ నేను టీవీల వచ్చిన్నని నమ్మకుంటనే సచ్చిపోయింది పంతులూ. మా ఇంటిది ఎన్నిసార్లన్నదో, పంతులు చూడలేదంటుండు, నువ్వే కలగన్నవని. నీ నోట్లకెల్లి ఒక్క మాట. ఔను అంటే అయిపోతుండె. పండితుడవని ఊరంత నీ కాళ్లు మొక్కె!"

ఎన్ని పద్యాలు కంఠస్థమో నాకు, అందులో ఒక్కటి కూడా నోటికి రాలేదు.

అతడు మళ్లీ కూర్చున్నాడు. కోపం తగ్గలేదు, కాని తెలుసుకోవాలన్న ఆరాటం కోపాన్ని మించింది. "మల్ల చెప్పు. తువ్వాల ఎర్రదేనా?"

"ఎర్రదే."

"గ్లాసు ఏ చేతిల?"

"కుడిచేత."

అతడు గొంతు తగ్గించాడు. "నేను నవ్విన్నా?"

నాకు అర్థం కాలేదు.

"నవ్వుమన్నరు వాళ్లు," అన్నాడు. "చాయ్ తాగి నవ్వాలె. ఇంటికాడ మా పెద్దోనికి జరం, రెండు దినాల సంది బారుల ఉన్న, నవ్వు రాకపాయె. పదిసార్లు తీసిండ్రు. ఆఖరుకు సాలు పో అన్నరు. నవ్విన్ననా, ఏడుపు మొఖమే పెట్టిన్ననా, నాకే తెల్వదు. గదొక్కటి చూద్దామనే ఇన్ని ఏండ్లు తిరిగిన పంతులూ. నవ్విన్నా?"

గ్లాసు పెదవుల దగ్గరకు పోవడం వరకు నాకు గుర్తున్నది. అంతలో తలుపు అతని ముఖం మీదుగా జరిగిపోయింది. తరువాత ఉన్నది చెక్క.

సంజన నా వైపు చూస్తూ, కనపడీ కనపడనట్లు తల ఊపింది, ఔననమని. ఇనాయత్ కూడా కనుబొమలెత్తి అదే సైగ చేశాడు. ఒక్క మాట. నలభై ఏండ్లు అవలీలగా అబద్ధమాడిన నాలుక నాది.

"తెలియదు రాజలింగూ," అన్నాను. "అంతలో మూసేశాను. నవ్వడం నేను చూడలేదు."

రాజలింగు నా గొంతు వచ్చిన దిక్కుకు తన మసక కన్ను తిప్పాడు.

"గిప్పుడా పంతులూ, నీకు సత్తెం యాదికొచ్చింది!" అని మనుమరాలి చేయి వెతికి పట్టుకొని, నా కోసం ఆగకుండా గల్లీలోకి దిగాడు.