నొప్పి లేదు కదా

రక్తం మరక చన్నీళ్ళకే వదులుతుంది. వేడినీళ్ళు పోస్తే గుడ్డలోకి ఇంకిపోతుంది. ఈ సంగతి నా కోడలికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పొద్దున్నే చిన్న పీట వేసుకుని, ఎనిమిదో నెల కడుపుతో, బకెట్టులో దుప్పటి జాడిస్తోంది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పటినుంచే?"

"లేచినప్పుడు చూశాను అత్తయ్యా. మీ అబ్బాయికి చెప్పాను. నొప్పి లేదు కదా, సాయంత్రం చూద్దాంలే అని డ్యూటీకి వెళ్ళిపోయారు."

ఆయనగారికి క్యారేజీ కూడా కట్టి పంపిందట.

చెయ్యి పట్టుకుని లేపి, మంచం మీద పక్కకి తిప్పి పడుకోబెట్టాను. ఆసుపత్రి ఫైలు తీశాను. మావాడు దాన్ని గడగడా చదవగలడు, కానీ చదివింది బిడ్డ బరువు రాసిన వరస ఒక్కటే. నేను అక్షరాలు దిద్దింది మా ఆయన పోయాక. కూడబలుక్కుంటూ చదువుతాను కాబట్టి ఏదీ వదలను. అందులో ఇలా ఉంది: బిడ్డ మాయ కిందికి ఉండి గర్భసంచి ద్వారానికి అడ్డుపడింది. నెలలు నిండేకొద్దీ ఆ ద్వారం సాగుతుంది, మాయ అంచు ఊడి రక్తం పోతుంది. నొప్పి ఉండకపోవచ్చు. అయినా వెంటనే ఆసుపత్రికి రావాలి. ఇంట్లో ఎవరినీ లోపల చెయ్యి పెట్టి చూడనివ్వకూడదు. ఇది తల్లి చేసిన తప్పు కాదు.

ఆ చివరి మాట రెండుసార్లు చదివాను.

ముప్పై నాలుగేళ్ళ కిందట నాకూ ఇలాగే కనబడింది. "నొప్పులొచ్చాక చెప్పు" అని మా ఆయన పేపరు తిరగేశారు. మా అత్తగారు మంత్రసానిని పిలిపించి చెయ్యి పెట్టి చూడమన్నారు. ఆ తర్వాత రక్తం ఆగలేదు. నేను బతికాను, పిల్ల బతకలేదు. "వద్దంటే వినకుండా బిందె ఎత్తింది" అన్నారు అత్తగారు. వద్దన్నది ఎవరో నాకు గుర్తు లేదు. నీళ్ళు మోసే మనిషి ఆ ఇంట్లో నేను తప్ప ఇంకెవరున్నారు? మా ఆయన కాదనలేదు. నేనూ అనలేదు. బిందె ముట్టినప్పుడల్లా పిల్లను చంపుకున్నదాన్నే అనుకుంటూ ముప్పై నాలుగేళ్ళు నీళ్ళు మోశాను. ఆ పిల్ల ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తర్వాత పుట్టిన మావాడికి అసలు తెలియదు.

ఆటో పిలిచాను.

"ఆయన్ని అడగకుండానా అత్తయ్యా? గిన్నెలన్నీ సింకులోనే ఉన్నాయి."

"ఉండనీ. మీ ఆయనకి చేతులు లేవా?"

నవ్వబోయి కడుపు పట్టుకుంది. ఆటోలో దాని తల నా ఒళ్ళో పెట్టుకుని కొడుక్కి ఫోన్ చేశాను.

"నీకెందుకమ్మా అంత కంగారు? నొప్పే లేదు కదా. సాయంత్రం నేనొచ్చాక..."

"నీకంటే ముందు నీకో అక్క పుట్టిందిరా," అన్నాను. "నాకూ నొప్పి లేదు."

"అక్కా?" అన్నాడు వాడు.

"ఆసుపత్రికి రా. సంతకం అడిగితే నేను పెట్టగలను. రక్తం అడిగితే నువ్వివ్వాలి."