కొట్టవద్దన్న నాలుగు సాళ్లు

రామబ్రహ్మం బతికున్నన్నాళ్లూ ఆయన కాచే కషాయాన్ని ఊళ్లో నవ్వుతూ ‘రామబ్రహ్మం చారు’ అనేవారు. వావిలాకు, వేపాకు దంచి, ఉడికించి, వడగట్టి వరికి కొట్టేవాడు. ఎండాకు తెగులును అది ఆపుతుందని ఆయన నమ్మకం. వేసవిలో ఆయన పోయాక అదే జనం పలకరింపుకొచ్చి, అబ్బో గట్టి మందు అన్నారు. లక్ష్మీకుమారి ఔననలేదు, కాదనలేదు. భర్త అన్నేళ్లు పొయ్యి దగ్గర పొగకు కళ్లు నులుముకున్నది ఊరికేనా, కాదా? అది ఆమెకు తేలాలి.

అందుకే ఈ వానాకాలం తనే కషాయం కాచింది. మందు కొట్టే భూమేశ్‌కు ఒకటే చెప్పింది: కాలువ పక్క నాలుగు సాళ్లకు మాత్రం కొట్టవద్దు. అవి ఎండి మిగతాది నిలిస్తే తెలుస్తుంది.

ముసురు పట్టింది. గాలి కొట్టింది. గట్టు అవతల గోపీచంద్ చేను ఆకు అంచుల నుంచి పసుపు తిరిగి ఎండసాగింది. లక్ష్మీకుమారి చేను పచ్చగా ఉంది. కొట్టవద్దన్న నాలుగు సాళ్లూ పచ్చగానే ఉన్నాయి. ఆమె అక్కడ ఒక ఆకు కోసి గ్లాసు నీళ్లలో నిలబెట్టింది. తెగులుంటే కోసిన చోటు నుంచి పాలలాంటి చార దిగుతుంది. నీళ్లు తేటగానే ఉన్నాయి.

“భూమేశూ, ఆ సాళ్లకీ కొట్టావా?”

భూమేశ్ కాలితో మట్టి గీరాడు. “కొట్టిననమ్మా. కండ్ల ముంగట ఎండుమని ఎట్ల ఇడిసిపెడ్తం?”

“కషాయమేనా?”

“గదే. ఇగ... బాన్సువాడల మందుల షాపుల కొన్న పొడి గూడ జర కలిపిన. అంతటికి. చేను ఎండితే పెద్దాయన పేరు పోతదని.”

ఆమె గట్టు మీద కూర్చుంది. అంతలో గోపీచంద్ ఖాళీ క్యానుతో వచ్చాడు.

“వదినగారూ, చారని నవ్వినందుకు లెంపలేసుకుంటున్నా. ఓ క్యాను పొయ్యండి. అన్నయ్య పేరు చెప్పుకుంటాం.”

చెప్పొద్దన్నట్టు భూమేశ్ కళ్లతోనే సైగ చేశాడు.

“మా చేనుకు షాపు పొడి కూడా పడింది గోపీచంద్. ఏది పనిచేసిందో నాకే తెలియదు. ఆకు తీసుకెళ్లి రుద్రూర్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చూపించు.”

అతను తెచ్చిన క్యాను తెచ్చినట్టే పట్టుకుపోయాడు.

“ఎందుకు జెప్పినవమ్మా? ఊరంత మెచ్చుకుంటుండె గద.”

“ఆయన పేరు చెప్పి ఇచ్చాక అతని చేను నిలవకపోతే?”

భూమేశ్ గట్టు అవతల ఎండుతున్న చేను వైపు చూశాడు.

“వచ్చే వానాకాలం నేనే కొడతాను. పంపు మోయడం నేర్పు.”

“గంత బరువు నీతోని యాడైతదమ్మా!”

ఆమె చేని పక్క కొట్టంలో వేలాడుతున్న రామబ్రహ్మం పంపు దించింది. పట్టీలు ఇంకా ఆయన భుజాల కొలతకే ఉన్నాయి. వాటి బకిల్స్ బిగుసుకుపోయి కదల్లేదు. భూమేశ్ చేయి సాచాడు. ఆమె ఇవ్వలేదు. ఒకటి వదులైంది, ఆ తర్వాత రెండోది. పట్టీలు పొట్టి చేసి, పంపులో ఉత్త నీళ్లు నింపి, వీపున వేసుకుని, గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది.