జమైకా పువ్వు నీళ్ళు

మెక్సికో దేశపు హువారెస్‌లోని ఆ జీన్స్ ఫ్యాక్టరీలో ఆడది మిషను మీద కూర్చోవాలంటే నెలనెలా ఒక పరీక్ష ఉంది. ముట్టయినప్పుడు వాడిన గుడ్డ తెచ్చి నర్సు బల్ల మీద విప్పి చూపించాలి. కడుపుతో ఉందని తేలితే పని పోయినట్టే. పురుడు ఖర్చు తమ నెత్తిన పడకూడదని యాజమాన్యం చేసిన ఏర్పాటిది. థూ! ఆడదాని నెత్తురు చూసి కూలి ఇచ్చే బతుకూ ఒక బతుకేనా?

ఆ రోజు వరుసలో యులాలియా ముందు నయేలి నిలబడింది. నయేలి విప్పిన గుడ్డను నర్సు వాసన చూసి విరగబడి నవ్వింది.

"షర్బత్తు తెచ్చిందండీ!"

ప్రతి ఇంట్లో అన్నంతో పాటు తాగే ఎర్రటి జమైకా పువ్వు నీళ్ళలో గుడ్డను ముంచింది పిచ్చిపిల్ల. ఆ పులుపు వాసన పట్టించేసింది. సూపర్‌వైజరు బాల్దొమేరో వచ్చి గుడ్డను పెన్నుతో ఎత్తి అందరికీ చూపించాడు.

"కడుపు దాచుకుని కూలి తినే దొంగముండ! నడవ్వే బయటికి!"

 యులాలియా కూడా ఏళ్ళ తరబడి ఆ బల్ల మీద గుడ్డ విప్పింది, నోరు మాత్రం విప్పలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

మధ్యాహ్నం రొట్టెలు తింటుంటే గొడవ మొదలైంది.

"మనకెందుకక్కా? పిల్లలు గలవాళ్ళం," అంది పక్క మిషను రెఫుహియో.

"పిల్లలు గలవాళ్ళం గనకే! కన్నందుకు దొంగలమయ్యామా?" అంది యులాలియా.

"అందర్నీ తీసేస్తే?"

"తీసేస్తే ప్యాంట్లు వాడి తాత కుడతాడా?"

ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు.

మర్నాడు పొద్దున ఒక్క మిషనూ కదల్లేదు. ఆడవాళ్ళంతా నర్సు గదికి వెళ్ళి, ఒకరి తర్వాత ఒకరు తెచ్చిన గుడ్డలు బల్ల మీద పరిచారు. గదంతా పులుపు వాసన. అందరి వేళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

"వాసన చూడండి దొరా," అంది యులాలియా, పరుగున వచ్చిన బాల్దొమేరోతో. "మాలో కడుపుతో ఉన్నదెవరో చెప్పండి. నయేలి మళ్ళీ మిషనెక్కేదాకా మేమెవరమూ ఎక్కం. ఈ రోత ఇవాళ్టితో సరి."

మధ్యాహ్నానికి బాల్దొమేరో పోలీసుల్ని పిలిపించాడు. యులాలియా చేతులకు బేడీలు పడ్డాయి. ఆమెను బయటున్న పోలీసు వ్యాను దగ్గరికి ఈడుస్తుంటే రెఫుహియో అడ్డం నిలబడింది.

"గుడ్డ నేనూ తెచ్చాను. నన్నూ ఎక్కించండి."

"నన్నూ!" అంటూ వెనక అందరూ కదిలారు.

గేటు దగ్గర రెండో షిఫ్టు బస్సు ఆగింది. దిగిన ఆడవాళ్ళు, పొద్దుటి నుంచీ అక్కడే కాచుకునున్న నయేలి చుట్టూ నిలబడిపోయారే తప్ప ఒక్కరూ లోపలికి అడుగు పెట్టలేదు. వాళ్ళ వేళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.