రెండు తాళాలకి ఒకే మేకు

చిన్నకోడలు బట్టలు పిండుతోంది. బావగారి చొక్కాని జాడించింది, పిండింది, మళ్ళీ బకెట్లో ముంచింది. పక్కన పీట మీద కూర్చుని తల దువ్వుకుంటున్న తోడికోడలు అదంతా చూస్తూనే ఉంది.

"ఆ చొక్కా నీకేం అపకారం చేసిందే? ఇందాకట్నుంచీ దాని పీక పిసుకుతున్నావు."

"సబ్బు పోలేదక్కా."

సబ్బు ఎప్పుడో పోయింది. చేతులకి పని లేకపోతే వణుకు బయటపడుతుందని ఆమె భయం.

బావగారు నీళ్ళ మోటార్లు అమ్మే పెద్ద కొట్టులో స్టోర్‌కీపరు. సరుకుండే గోడౌన్‌కి రెండు తాళాలు. ఏ ఒక్కరూ తెరవలేకుండా ఒక్కో తాళంచెవి ఒక్కొక్కరి దగ్గర ఉండాలన్నది కొట్టు యజమాని పెట్టిన కట్టుబాటు. రెండో తాళంచెవి మనిషి ఉద్యోగం మానేసినప్పుడు, "మా మరదలుంది. నెమ్మదస్తురాలు, లెక్కలొచ్చు" అని బావగారే ఆమెను వెంటబెట్టుకెళ్ళాడు. ఒకింటివాళ్ళయితే మరీ నిశ్చింత అన్నాడు యజమాని. హమాలీలు మాత్రం, "రెండు తాళాలకీ పెళ్ళి చేసి ఒకింట్లో కాపురం పెట్టించారు" అని నవ్వుకున్నారు.

కొత్తలో ఆమె తన తాళంచెవిని పర్సులో దాచుకునేది. "మీ బావగారు దొంగా ఏంటే, అంత భద్రం?" అని తోడికోడలు ఎగతాళి చేసింది. ఆ మాటకి సిగ్గుపడిపోయి, వంటింటి తలుపు వెనక బావగారి తాళంచెవి వేలాడే మేకుకే తనదీ తగిలించేసింది. అప్పట్నుంచీ రెండూ అక్కడే ఉంటున్నాయి.

నిన్న గోడౌన్‌లో బల్లి మీద పడబోతే ఆమె బెదిరి వెనక్కి గెంతింది. వెనక వరసలో మోటారు పెట్టెకి వీపు తగిలింది. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని పెట్టె అట్టడబ్బాలా పక్కకి జరిగింది. ఇంకోదాన్ని వేలితో తోసింది. అదీ జరిగింది. ముందు వరస పెట్టెలన్నీ బరువే. వాటి వెనకవన్నీ ఖాళీవి, నున్నగా టేపు అతికించి ఉన్నాయి.

తాళాలు ఎవరూ పగలగొట్టలేదు. తను తీయలేదు. ఇక మిగిలిందెవరో ఆలోచించక్కర్లేదు. రేపు పొద్దున్నే సరుకు సరిచూడ్డానికి యజమాని మనుషులు వస్తున్నారు. లారీ మీద దూరం వెళ్ళిన భర్తకి ఎన్నిసార్లు చేసినా ఫోను కలవడంలేదు. రాత్రంతా ఆమె కంటిమీద కునుకు లేదు.

బావగారు తుండుతో మొహం తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గుండీలు జాగ్రత్తమ్మా. రేపు ఆ చొక్కానే వేసుకోవాలి."

"అలాగే బావగారూ."

"నిన్న వెనక వరస దగ్గర ఏం చేస్తున్నావు? పెట్టె కాస్త పక్కకి జరిగినట్టుంది."

"బల్లి మీద పడబోయింది."

"బల్లికే అంత హడలిపోతే ఎలా?" అని మెల్లగా నవ్వాడు. "అన్నట్టు, నేను కంటి ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు రెండు తాళంచెవులూ నీ చేతికే ఇచ్చాను, గుర్తుందా? అంతా మా మరదలే చూసుకుంటుందని యజమానికి కూడా చెప్పాను."

గుర్తుంది. ఆ రోజు ఎంత పొంగిపోయిందో కూడా గుర్తుంది.

"ఇచ్చారు. కానీ నేను గోడౌన్‌ వైపే పోలేదు బావగారూ. అప్పుడు కొట్టుకి సెలవు కదా."

"పోలేదనే నేనూ అనుకుంటున్నాను. అడిగినవాళ్ళకి మరి నువ్వే చెప్పుకోవాలి."

ఆయన గొంతు ఏమాత్రం పెరగలేదు. పిల్లకి పాఠం చెబుతున్నట్టుంది. ఆమె తోడికోడలి వైపు తిరిగింది.

"అక్కా, నీకు తెలుసుగా. అప్పుడే నీకు జ్వరమొస్తే నేను గుమ్మం దాటకుండా నీ మంచం పక్కనే ఉన్నాను."

దువ్వెన జుట్టు మధ్యలో ఆగింది. తోడికోడలు మొగుడి మొహం చూసింది. తర్వాత ఒళ్ళో రాలిన వెంట్రుకలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

"ఒళ్ళెరగని జ్వరం. ఎవరున్నారో, ఎవరు పోయారో నాకేం తెలుస్తుందే?"

ఆ జ్వరంలోనే, నువ్వు లేకపోతే చచ్చిపోయేదాన్నని చెయ్యి పట్టుకుని ఏడ్చిన మనిషి.

"ఇప్పుడేమైందని ఆ మొహం?" అన్నాడు బావగారు. "రేపు వచ్చినవాళ్ళకి ముందు వరస విప్పి చూపించు. వెనకదంతా కొత్త సరుకు, సీలు తీస్తే కంపెనీ ఊరుకోదని చెప్పు."

"నేనా?"

"నువ్వే. నేను చెబితే నాలుగు ప్రశ్నలేస్తారు. నీ మొహం చూస్తే ఎవరికీ అనుమానం రాదు." తుండు భుజాన వేసుకున్నాడు. "అందుకేగా తల్లీ, నిన్ను తీసుకెళ్ళింది."

ఆమె చేతులు బకెట్లోనే ఆగిపోయాయి. తను నెమ్మదస్తురాలని ఆయన చెప్పిన రోజే ఇదంతా మొదలైందన్నమాట. రేపు ఆ మాట చెబితే దొంగతనంలో తనకీ వాటా ఉన్నట్టే. చెప్పకపోతే, రెండు తాళంచెవులూ నా మరదలి దగ్గరే ఉండేవని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. అక్క తల ఊపుతుంది. పెట్టెలు బయటపడ్డాక తనేం చెప్పినా దొంగ చెప్పుకునే సాకులాగే ఉంటుంది. ఎవరైనా వింటే గింటే ఈ రోజే వినాలి.

యజమాని ఇల్లు బజారు వీధి చివర. ఆయన మాత్రం నమ్ముతాడా? బావగారు ఆయన దగ్గర ఎన్నాళ్ళుగానో ఉన్న మనిషి. తను నిన్నగాక మొన్న వచ్చింది.

ఆమె చొక్కాని గట్టిగా విదిలించి తీగ మీద ఆరేసింది. మిగిలిన బట్టలు బకెట్లోనే వదిలేసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఇంట్లోకి నడిచింది. ముందు గదిలో చెప్పులు వేసుకుంటుంటే తొందరలో ఒక చెప్పు పక్కకి పోయింది.

"ఎక్కడికే? సబ్బుకా?" అంది తోడికోడలు వెనక నుంచి. సబ్బుకే అయితే బాగుండునన్నట్టుంది ఆ గొంతు.

పెరట్లో కుర్చీ కాళ్ళు బండల మీద కీచుమన్నాయి. "అమ్మాయ్, ఆగు," అన్నాడు బావగారు. అడుగుల చప్పుడు ఇంట్లోకి వస్తోంది.

ఆ ఇంట్లో ఎవరు గడప దాటినా వెళ్ళొస్తానని చెప్పి దాటాల్సిందే. ఆమె ఆ మాట అనకుండానే తలుపు తీసి, మెట్లు దిగి, బజారు వీధి వైపు నడిచింది.