ఆయన గౌనులో నేను

"ఆ స్నాతకోత్సవం గౌను అంచు కాలికి తట్టుకుని మీరు మెట్లమీద పడిపోతే?" అన్నాను.

గడ్డం గీసుకుంటున్న మా ఆయన అద్దంలోంచే నవ్వారు. "బాగుంది. ఇంకోసారి అను, రాసుకుంటాను, లేకపోతే మర్చిపోతాను."

నా భయాలు ఆయనకి అలా పనికొస్తాయి. ఆయన హాస్యనాటకాలు రాస్తారు. ప్రతి నాటకంలోనూ ఒక భయస్తురాలైన ఇల్లాలు ఉంటుంది. పొయ్యి కట్టేశానో లేదోనని కదలబోతున్న రైలు దిగి ఇంటికి పరిగెత్తుతుంది. హాలంతా పగలబడి నవ్వుతుంది. నవ్వకపోతే బాగుండదని నేనూ నవ్వుతాను. నేను అలా రైలు దిగి పరిగెత్తిన రోజు పొయ్యి నిజంగానే వెలుగుతూ ఉందన్న సంగతి మాత్రం నాటకంలో ఉండదు.

ఆ నాటకాలకే యూనివర్సిటీ ఆయనకి గౌరవ డాక్టరేట్ ప్రకటించింది. అమ్మాయి ఫోన్ చేసి, "ఆ డాక్టరేట్ నీ భయాలకే ఇస్తున్నారు కదే అమ్మా!" అంది. "ఊరుకోవే, మీ నాన్న వింటారు" అన్నాను. అప్పుడూ భయమే.

పగలంతా మా ముందు గదిలో పసిపిల్లల్ని చూసుకుంటాను. బట్టల కొట్లలో, ఆస్పత్రుల్లో పనిచేసే తల్లులు పొద్దున్నే తెచ్చి నా చేతుల్లో పెట్టి వెళ్తారు. పెద్దగా చదువుకోలేదు. బాగా వచ్చిన పని భయపడటం ఒక్కటే. ఆ గదిలో దానికి విలువుంది. గుండీ ఊడితే నోట్లో పెట్టుకుంటాడేమో, తలుపు సందులో వేలు పడుతుందేమో, పాలు వేడెక్కువయ్యాయేమో, ఇంతసేపు నిద్రపోతోందేమిటి, ఊపిరి ఆడుతోందా లేదా? నేను ఎంత భయపడితే ఆ తల్లులు అంత నిశ్చింతగా పనిచేసుకుంటారు.

డాక్టరేట్ కబురు వచ్చిన సాయంత్రం ఆయన ఆ గది గుమ్మంలో నిలబడి, ఆరేసిన పొత్తిగుడ్డల వంక చూశారు. "ఇక పెద్దపెద్దవాళ్లు వస్తూ పోతూ ఉంటారు. ఇది నా ఆఫీసు గది చేసేద్దాం. వేరే చోటు చూసుకోమని చెప్పు వాళ్లకి." నేనేమీ అనలేదు. మా ఇంట్లో ఏమీ అనకపోతే సరేనన్నట్టే. మా అత్తగారు నన్ను చుట్టాలకి చూపించేటప్పుడు పేరు చెప్పేవారు కాదు, "ఇదే మా కోడలు, దేనికీ ఎదురు చెప్పదు" అనేవారు. ఆయన పుస్తకాల బీరువాలకి వడ్రంగితో మాట్లాడేసుకున్నారు. ఆ తల్లులకి మాత్రం నేనింకా చెప్పలేదు. బిడ్డని అందించేటప్పుడు రోజూ నోటిదాకా వస్తుంది. ఆ బిడ్డ నా కొంగు వదలదు. మాట లోపలికి పోతుంది.

స్నాతకోత్సవానికి ముందురోజు రిహార్సల్ పెట్టారు. ఆయనకి ఇంకెక్కడో సన్మానం ఉంది. గౌను పొడవు చూసుకోవాలి, ఆయనంత ఎత్తు మనిషిని పంపమని యూనివర్సిటీవాళ్లు అడిగారట. "నువ్వెళ్లు, మనిద్దరం ఒకే ఎత్తు. ఆ మెట్లేవో చూసుకున్నట్టూ ఉంటుంది" అన్నారు ఆయన. పెళ్లయినప్పటినుంచీ కాస్త వంగి నడుస్తాను కనక నా ఎత్తు నాకే గుర్తులేదు.

హాలు ఖాళీగా ఉంది. ఎత్తైన కిటికీల్లోంచి పడుతున్న వెలుగులో దుమ్ము మెల్లగా తేలుతోంది. ఏర్పాట్లు చూసే ఆవిడ ఎర్రటి గౌను తెచ్చి నా భుజాలమీద వేసింది. ఎంత బరువో! ఆ బరువుకి వంగిపోతాననుకున్నాను. చిత్రంగా నడుము నిటారుగా నిలబడింది. వేదికమీది పెద్ద కుర్చీలో కూర్చుంటే ఖాళీ కుర్చీల వరసలు నీళ్లలా కదులుతున్నట్టు, నేనెక్కడో ఒడ్డున ఉన్నట్టు అనిపించింది.

"ఈ గౌరవం స్వీకరించడం మీకు సమ్మతమేనా అని అడుగుతారండీ. సమ్మతమే అనాలి" అంది ఆవిడ, మైకు నా ముందుకి జరుపుతూ.

తల ఊపాను.

"తల ఊపితే కుదరదమ్మా. నోటితో చెప్పాలి."

"చెప్పకపోతే?"

"అక్కడితో ఆపేస్తాం. ఆ మాట వినబడితేగానీ ఇవ్వడానికి వీల్లేదు. రూలు" అని ఆవిడ దండల సంగతి చూడ్డానికి వెళ్లిపోయింది.

నేను ఆ మాటలోనే ఉండిపోయాను. ఇవ్వడానికే అడుగుతారట! వద్దంటారేమోనని ఆగి వింటారట! నన్ను బడి మాన్పించినప్పుడు తలుపు చాటున నిలబడ్డాను, సరేనందనుకున్నారు. పెళ్లిచూపుల్లో తల దించుకున్నాను, నచ్చాడనుకున్నారు. నా మాటలు తీసుకెళ్లి నాటకంలో పెట్టినప్పుడు కాఫీ గ్లాసులు కడుగుతున్నాను, సంతోషించాననుకున్నారు. ఇన్నేళ్లూ నేను అనని సరేలమీదే ఆ ఇల్లు నడిచిందా? గౌను లోపల వెచ్చగా ఉంది. నిద్రలోలాగా చేతులు తేలిగ్గా ఉన్నాయి. ఎందుకో ఆ కాసేపూ దేనికీ భయం వెయ్యలేదు.

తలుపు తోసుకుని ఆయన వచ్చారు, మెడలో పూలదండతో, చెవి దగ్గర ఫోన్‌తో.

"ఓహో, డాక్టరమ్మగారు! బాగానే కుదిరిందే!" అని నవ్వి, వేదిక కిందికి వచ్చి నిలబడ్డారు. "ఇదిగో, వడ్రంగి లైన్లో ఉన్నాడు. ఎల్లుండి పొద్దున్నే వస్తాడట. గది ఖాళీ చేసి ఉంచుతావుగా?"

"ఏవండీ" అన్నాను. మైకు ఆపలేదేమో, నా గొంతు హాలంతా తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. "ఆ గది ఇచ్చేస్తానని నేను అన్నానా?"

ఆయన నవ్వబోయారు. నేను నవ్వలేదు. ఆయన చూపు గౌనుమీదికి, నా ముఖంమీదికి, మళ్లీ నేలమీదికి వెళ్లింది. ఫోన్లోంచి వడ్రంగి "హలో... సార్... హలో" అంటున్నాడు. మామూలుగా అయితే ఇలాంటి నిశ్శబ్దాన్ని నేనే ఏదో ఒకటి అని పూడ్చేస్తాను. పోనీలెండి అంటాను, కాఫీ తాగుతారా అంటాను. ఈసారి కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. కిటికీ వెలుగు ఆయన చెప్పులమీదినుంచి జరిగి పక్క కుర్చీ మీదికి చేరింది.

"అనలేదు" అన్నారు ఆయన.